కొండలతో చెలిమి చేసిన మల్లి మస్తాన్ బాబు

పోయిన చలికాలంలో పిల్లలను తీసుకుని రతన్‌పూర్ వెళ్లాం. మహామాయ అమ్మవారి గుడి చూసి, భోజనాలు ముగించుకుని, దగ్గరలో ఉన్న గుట్ట వైపు నడిచాం. అక్కడ మనిషి ఎత్తు కంటే కొంచెం పెద్దదైన ఒక బండ ఉంది. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి దాన్ని ఎక్కాలని పట్టుబట్టింది. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి బూట్లు విప్పేసింది. వేళ్లతో ఒక పగులు పట్టుకుంది, కాలి బొటనవేలు ఆనేంత చిన్న గూడు వెతుక్కుంది, మెల్లగా పైకి చేరింది. మేము కింద చేతులు చాచి నిలబడే ఉన్నాం. పైన కూర్చుని చుట్టూ చూసినప్పుడు ఆ పిల్ల ముఖం దీపంలా వెలిగింది.

కిందికి దిగాక మాత్రం ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఎవరికో చెప్పాలని అటూ ఇటూ చూసింది. తోటిపిల్లలంతా గుంపులు గుంపులుగా తమ కబుర్లలో ఉన్నారు. వాళ్ల నాన్నగారికి ఆ జూన్‌లోనే నాగ్‌పూర్ నుంచి బదిలీ అయింది. అక్కడి స్నేహితురాలు ఉండి ఉంటే ఎగిరి గంతులేసేదని, ఇక్కడ చెప్పుకోవడానికి ఇంకా ఎవరూ దొరకలేదని చివరికి మా దగ్గరికి వచ్చి తెలుగులో చెప్పింది.

ఆ మాట మాకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరాక ఇప్పటికి ఐదు ఊళ్లు మారాం. ప్రతి ఊళ్లోనూ మొదటి ఆరు నెలలు ఇదే వరస. ఒక ఊళ్లో, అక్షరాలు కూడా రాని పిల్లవాడు మూడు నెలల్లో తన అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాశాడు. ఆ సాయంత్రం మాకు పట్టలేనంత సంతోషం. ఇంటికి వచ్చి చూస్తే ఇరుగుపొరుగు ఎవరూ ఇంకా పరిచయం లేరు. పాలు కాచుకుంటూ ఆ సంగతి పొయ్యికే చెప్పుకున్నాం. బాధ పంచుకుంటే తగ్గుతుందని అందరూ అంటారు. సంతోషం పంచుకోకపోతే ఏమవుతుందో బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో వాళ్లకే బాగా తెలుస్తుంది.

రతన్‌పూర్ నుంచి బస్సులో తిరిగి వస్తుంటే మాకు మల్లి మస్తాన్ బాబు గుర్తుకు వచ్చారు. ఆయన పోయినప్పుడు మీలో చాలామంది ఉయ్యాలలో ఉన్నారు, కొందరు ఇంకా పుట్టనే లేదు. అందుకే ఆయన కథ మీకు చెప్పాలనిపించింది.

నెల్లూరు జిల్లా సంగం మండలంలో గాంధీ జనసంఘం అనే చిన్న పల్లె ఉంది. 1974 సెప్టెంబరు 3న మస్తాన్ బాబు అక్కడ పుట్టారు. నెల్లూరు సీమ అంటే పెన్నానది, వరిచేలు. మంచు అన్నమాట అక్కడ చలికాలపు తెల్లవారుజామున పొలాల మీద కనిపించే పొగమంచు వరకే. అలాంటి పల్లెలో సాధారణ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు ఏడు ఖండాల మంచుకొండలు ఎక్కుతాడని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు.

పదకొండేళ్ల వయసులో, 1985లో, ఆయన కోరుకొండ సైనిక పాఠశాలలో చేరారు. ఇది విజయనగరం దగ్గర ఉంది. ఇక్కడి నుంచి మనలో చాలామంది తాతగారి ఊళ్లకు వెళ్లేటప్పుడు కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం కదా, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం వస్తుంది. ఆ తరువాత వచ్చే చిన్న స్టేషనే కోరుకొండ. ఈసారి వెళ్లినప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఆ పేరు చదవండి.

ఇల్లు విడిచి వసతిగృహంలో ఉండటం ఏ పిల్లవాడికైనా కష్టమే. నెల్లూరు నుంచి ఉత్తరాంధ్రకు వస్తే భాష తెలుగే అయినా యాస వేరు, తిండి వేరు, పిలుపులు వేరు. శ్రీకాకుళం ఇంట్లో పుట్టి బిలాస్‌పూర్‌లో ఛత్తీస్‌గఢీ వింటూ పెరిగే మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కొత్తచోట ఆ పిల్లవాడికి ఏడేళ్ల పాటు తోడుగా నిలిచినవాళ్లు అక్కడి తోటి విద్యార్థులే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథ చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ పాఠశాలకు ఒక పెద్ద జ్ఞాపకం ఉంది. అక్కడ చదివి సైన్యంలో అధికారి అయిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావు 1985లో భారత సైన్యం జరిపిన ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. మస్తాన్ బాబు బడిలో చేరిన సంవత్సరమూ అదే. తాము తిరిగే వరండాల్లోనే తిరిగిన ఒక అన్నయ్య ఎవరెస్టు దాకా వెళ్లాడన్న సంగతి ఆ పిల్లవాడి మనసులో నాటుకుంది. పెద్ద కొండల మీద ఆయనకు కలిగిన ఆసక్తికి మూలం అక్కడే ఉంది.

ఆ తరువాత చదువులు చూస్తే మన రైలు పటాలు గుర్తుకొస్తాయి. 1992 నుంచి 1996 వరకు జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్. అంటే టాటానగర్ స్టేషన్. తరువాత రెండేళ్లు ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్. మన బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి హౌరా వైపు వెళ్లే రైలు చూస్తే, అది ఈ రెండు ఊళ్ల మీదుగానే పోతుంది. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే దారి అది. కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2002లో కలకత్తా ఐఐఎంలో చేరి, 2004లో ఆ చదువూ పూర్తి చేశారు.

ఐఐటీ, ఐఐఎం రెండూ చదివినవాడికి మంచి జీతం, కుదురైన జీవితం ఎదురుగానే ఉంటాయి. ఆయన మాత్రం కొండల దారి ఎంచుకున్నారు. ఇది విని, చదువు మానేసి కొండలెక్కుతామని ఇంట్లో చెప్పకండి! ఆయన చదువు మానలేదు. పూర్తి చేశాకే వెళ్లారు. ఆ చదువు కొండ మీద కూడా పనికొచ్చింది. ఎలాగో చూద్దాం.

ఏడు ఖండాల్లో ఒక్కొక్క ఖండానికి ఒక అతి ఎత్తైన శిఖరం ఉంటుంది. వాటినే సప్త శిఖరాలు అంటారు. మస్తాన్ బాబు 2006లో ఈ ఏడింటినీ వరసగా ఎక్కారు. ఆ తేదీలు ఇవి:

జనవరి 19, గురువారం: అంటార్కిటికాలో విన్సన్ మాసిఫ్, 4,892 మీటర్లు.
ఫిబ్రవరి 17, శుక్రవారం: దక్షిణ అమెరికాలో అకాంకాగువా, 6,961 మీటర్లు.
మార్చి 15, బుధవారం: ఆఫ్రికాలో కిలిమంజారో, 5,895 మీటర్లు.
ఏప్రిల్ 1, శనివారం: ఆస్ట్రేలియాలో కోషియాస్కో, 2,228 మీటర్లు.
మే 21, ఆదివారం: ఆసియాలో ఎవరెస్టు, 8,848 మీటర్లు.
జూన్ 13, మంగళవారం: ఐరోపాలో ఎల్‌బ్రస్, 5,642 మీటర్లు.
జూలై 10, సోమవారం: ఉత్తర అమెరికాలో డెనాలి, 6,190 మీటర్లు.

మొదటి శిఖరం నుంచి చివరి శిఖరానికి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టండి. 172 వస్తుంది. ఏడు శిఖరాలూ ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఇంకో చిత్రం చూశారా? ఏడు శిఖరాలు, ఏడు వేర్వేరు వారాలు. ఒక్క వారం కూడా రెండుసార్లు రాలేదు.

ఈ వరసలో ఉన్న తెలివి రైల్వే ఇళ్లలో పుట్టిన మనకు తొందరగా అర్థమవుతుంది. అంటార్కిటికాలో, దక్షిణ అమెరికా చివరన మనకు చలికాలమైనప్పుడు వేసవి. అందుకే జనవరి, ఫిబ్రవరి నెలలు వాటికి. జనవరిలో విన్సన్ దగ్గర అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించడు. ఎవరెస్టు మీద శిఖరానికి తగిన వాతావరణం సాధారణంగా మే నెలలో, వానాకాలం రాకముందు కొద్ది రోజులు మాత్రమే దొరుకుతుంది. అలాస్కాలోని డెనాలికి జూలై దాటితే మంచు పగుళ్లు ప్రమాదకరంగా మారతాయి. అంటే ఒక రైలు దిగి ఇంకో రైలు అందుకోవాలి. ఒక్కటి తప్పినా వెనక ఉన్న కనెక్షన్లన్నీ తప్పుతాయి. ఆస్పత్రి పాలైనా, తుఫానులో చిక్కుకున్నా ఆ ఏడాది లెక్క అంతే. ఇంత పెద్ద టైంటేబుల్‌ను ఏడు ఖండాల మీద పరచి నడిపించడానికి కండబలం ఒక్కటే చాలదు. ఆయన చదివిన చదువు ఇక్కడ పనికొచ్చింది.

ఏడింటిలో కోషియాస్కో చాలా చిన్నది. మన ఊటీ దగ్గరి దొడ్డబెట్ట దానికంటే ఎత్తు. నడుచుకుంటూ పోయి రావచ్చు. ఎవరెస్టు సంగతి వేరు. ఆ శిఖరం మీద మనకు ఊపిరితో అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందే దానిలో మూడో వంతు మాత్రమే. అందుకని ఎక్కేవాళ్లు ఒక్కసారిగా పైకి పోరు. కొంత ఎక్కి, మళ్లీ దిగి, శరీరానికి ఆ గాలి అలవాటు చేస్తూ వారాల తరబడి గడుపుతారు. కొత్త ఊళ్లో చేరిన పిల్లవాడు మొదటి రోజే తరగతికి నాయకుడు కాలేడు కదా. ఇదీ అంతే. కొన్నాళ్లు నెమ్మదిగా ఉండటం ఓటమి కాదు, అలవాటు పడటం.

ఏడు శిఖరాల తరువాత ఆయన ఆగలేదు. కొండలు ఎక్కుతూనే ఉన్నారు. మధ్యమధ్య బడులకు, కళాశాలలకు, సంస్థలకు వెళ్లి తన అనుభవాలు చెప్పేవారు. మాకు ఆయనలో నచ్చిన గుణం ఇదే. శిఖరం మీద మనిషి ఉండేది కొద్ది నిమిషాలు. అక్కడ చూసింది కిందికి తెచ్చి నలుగురికీ పంచితే ఆ నిమిషాలు పెరుగుతాయి. ఎవరెస్టు ఎక్కినవాడి సంతోషానికీ, రతన్‌పూర్ బండ ఎక్కిన పిల్ల సంతోషానికీ కొలతలో తేడా ఉండవచ్చు గాని జాతిలో తేడా లేదు. రెండూ ఒక మనిషి చెవి కోసం వెతుక్కుంటాయి.

ఇక కథలో కష్టమైన భాగం. చెప్పక తప్పదు.

2015లో ఆయన దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఉన్నారు. చిలీ, అర్జెంటీనా దేశాల సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే కొండల గుంపు ఉంది. దాని దక్షిణ శిఖరం ఎత్తు 6,748 మీటర్లు. మార్చి 24న ఆయన ఆ శిఖరం వైపు ఒంటరిగా బయలుదేరారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద తుఫాను వచ్చింది. ప్రపంచంలోకెల్లా వానలు తక్కువ పడే అటకామా ఎడారిలో వరదలు వచ్చి ఊళ్లు మునిగిపోయాయి. కొండల మీద పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. అనుకున్న సమయానికి ఆయన కిందికి తిరిగి రాలేదు.

అప్పుడు జరిగిన సంగతి మీరు ముఖ్యంగా తెలుసుకోవాలి. కోరుకొండలో కలిసి చదివినవాళ్లు, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాల్లో కలిసి చదివినవాళ్లు, కొండల మీద పరిచయమైనవాళ్లు, అప్పటికి ఏ దేశంలో ఉన్నవాళ్లు ఆ దేశం నుంచి, ఒక్కటయ్యారు. ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి వచ్చిన ప్రతి సమాచారాన్నీ అక్కడ చేర్చారు. మన విదేశాంగ శాఖ, ఆ రెండు దేశాల్లోని మన రాయబార కార్యాలయాలు రంగంలోకి దిగాయి. రెండు దేశాల వైపు నుంచీ వెతికారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్లు ఎన్నోసార్లు ఆగిపోయాయి. ఇక్కడ నెల్లూరు పల్లెలో తల్లి ఎదురుచూస్తూ ఉంది. తెలుగువాళ్ల ఇళ్లలో రాత్రిళ్లు టీవీల ముందు అందరూ ఆ ఒక్క కబురు కోసమే చూశారు. మేము అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాం. రోజూ ఉదయం లేవగానే ముందు ఆ వార్తే వెతికేవాళ్లం.

ఏప్రిల్ మొదటి వారంలో ఆయన దేహం కొండ మీద కనిపించింది. నలభై ఏళ్ల వయసు. వాతావరణం తెరిపి ఇచ్చాక కిందికి దించి, అన్ని సముద్రాలు దాటించి, ఆ నెల చివరి వారంలో సొంత పల్లెకు చేర్చారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

పిల్లలూ, ఈ కథలోంచి మేము రెండు విషయాలు తీసుకున్నాం.

మొదటిది జాగ్రత్త. మస్తాన్ బాబు ఎంతో అనుభవం ఉన్నవారు, ఒంటరిగా కొండలెక్కడం తెలిసినవారు. అలాంటివారికే కొండ ఒక్కొక్కసారి తిరుగుదారి ఇవ్వదు. మనం మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లం. రాయి ఎక్కడం నేర్పేచోట మొట్టమొదట నేర్పేది పైకి పోవడం కాదు, ముడి వేయడం. తలకు హెల్మెట్, నడుముకు పట్టీ, దానికి తాడు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాయికి ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. అన్నిటికంటే ముఖ్యం కింద ఒక మనిషి ఉండాలి. పైకి ఎక్కేవాడి తాడును పట్టుకుని, వాడు ఎక్కేకొద్దీ సరిచేస్తూ, జారితే ఆపేవాడు. దాన్ని బిలే అంటారు. పైకి చేరినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. తాడు పట్టుకున్నవాడి కళ్లు మాత్రం ఒక్క క్షణం కూడా పక్కకు తిరగవు.

యాదాద్రి భువనగిరి జిల్లాలో భువనగిరి కోట ఉంది. మొత్తం ఒకే పెద్ద రాతికొండ. అక్కడి రాయి ఎక్కే బడిలోనే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎవరెస్టు దాకా పోయిన ఆ దారి భువనగిరి బండ మీద తాడు కట్టుకోవడంతో మొదలైంది. తాడు లేకుండా, పెద్దవాళ్లు లేకుండా ఏ గుట్టా ఎక్కవద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పకుండా వెళ్లవద్దు.

రెండో విషయం స్నేహం. మూడేళ్లకోసారి ఊరు మారితే స్నేహాలు తెగిపోతాయని మనం అనుకుంటాం. ట్రక్కులో సామాను ఎక్కించిన రోజు నిజంగా అలాగే అనిపిస్తుంది. మస్తాన్ బాబు కోసం కదిలినవాళ్లు ఎవరో చూడండి. ముప్పై ఏళ్ల కిందట వసతిగృహంలో పక్క మంచం మీద పడుకున్నవాళ్లు. ఊళ్లు మారిపోయినా, ఉద్యోగాలు మారిపోయినా వాళ్ల చేతుల్లోంచి తాడు జారలేదు. ఆయనను ప్రాణాలతో తేలేకపోయారు. కానీ ఆ పరాయి మంచులో ఒంటరిగా వదిలేయలేదు. నాగ్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో, రేపు ఇంకో ఊళ్లో మీరు చేసుకునే స్నేహాలు కూడా ఇలాంటి తాళ్లే. దూరమైతే పొడవు పెరుగుతాయి, అంతే.

రతన్‌పూర్ నుంచి వచ్చిన మర్నాడు మేము తెలుగు తరగతిలో ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టాం. దాని అట్ట మీద నేను ఎక్కిన బండ అని రాశాం. ప్రతి శుక్రవారం ఎవరైనా సరే తమ చిన్న విజయం ఒకటి తెలుగులో అందులో రాయాలి, చదివి వినిపించాలి. అది బండే కానక్కరలేదు. మొదటి పేజీ ఆ అమ్మాయిదే. మూడోసారికి ఎక్కానని నాలుగు వాక్యాలు రాసింది. అందులో రెండు ఒత్తులు తప్పాయి, మేము దిద్దలేదు. తరువాతి పేజీలో ఒకడు ఈతకొలనులో ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఈదానని రాశాడు. ఇంకొకడు పదిహేడో ఎక్కం అప్పజెప్పానని రాశాడు. ఒక పాప నానమ్మతో ఫోనులో పూర్తిగా తెలుగులోనే పది నిమిషాలు మాట్లాడానని రాసింది. చదివిన ప్రతిసారీ తరగతి మొత్తం చప్పట్లు కొడుతుంది. చప్పట్లు మరీ ఎక్కువై పక్క గదిలోని లెక్కల మాస్టారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. మూడోసారి వచ్చినప్పుడు ఆయనా ఒక పేజీ రాశారు.

ఇప్పటికి ఆ పుస్తకంలో నలభై ఒక్క పేజీలు నిండాయి. ఈ ఏడాది ఆఖరుకు ఎవరికి బదిలీ వస్తుందో మనకు తెలియదు. మీకు రావచ్చు, మాకూ రావచ్చు. వెళ్లేవాళ్లు తమ పేజీకి ఒక నకలు తీసుకుని వెళ్లండి. కొత్త ఊళ్లో మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటే అది తీసి చదువుకోండి. అక్కడ ఏ చిన్న బండ ఎక్కినా ఇక్కడికి ఒక ఉత్తరం ముక్క రాయండి. ఈ తరగతిలో ఎవరో ఒకరు దాన్ని పైకి చదువుతారు. చప్పట్లు మీకు వినిపించకపోయినా ఇక్కడ మోగుతాయి.